కావ్యం చదివినవాళ్లు కథ చెప్పాలి

మా తరం తెలుగువాళ్లకు రష్యా అంటే విశాలాంధ్ర పుస్తకాల వ్యాను. గోర్కీ ‘అమ్మ’, టాల్‌స్టాయ్, చేహవ్. గట్టి అట్ట, మంచి కాగితం, జేబుకు బరువు కాని ధర. మాస్కోలో ఉండి ఉప్పల లక్ష్మణరావు గారి వంటివాళ్లు తెలుగు చేసిన ఆ పుస్తకాలు చదివే పెరిగాం. ఆ వ్యానులో దొరకని రష్యా ఇంకొకటి ఉంది. పుష్కిన్‌కు ముందు ఏడెనిమిది వందల ఏళ్ల పాటు మఠాల్లో సన్యాసులు రాసిపెట్టిన వృత్తాంతాలు, సాధువుల జీవితాలు, భూర్జపత్రాల మీద గీకిన ఇంటి ఉత్తరాలు ఉన్న రష్యా అది. ఆ పాత సాహిత్యమే లోకంగా బతికిన పండితుడొకాయన నలభై దాటాక నవలలు మొదలుపెట్టి, ఇవాళ దేశదేశాల్లో చదివే రచయిత అయ్యాడు. పేరు యెవ్గేనీ వోదోలాజ్కిన్.

నిర్మల్‌లో డిగ్రీ పిల్లలకు ఛందస్సు, ప్రబంధాలు చెప్పి రిటైరైనవాణ్ని నేను. ఆయన సంగతి చదువుతుంటే నాకు మన సంగతే గుర్తుకొచ్చింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: పాత కావ్యాలు చదివినవాళ్లు నవల రాయాలి. అది వాళ్ల పని. వాళ్లు రాయకపోతే పాతకాలం సినిమా సెట్టింగుల చేతికి, వాట్సాప్ చరిత్రకారుల చేతికి పోతుంది. ఇప్పటికే సగం పోయింది.

వోదోలాజ్కిన్ 1964లో కీవ్‌లో పుట్టాడు. ఒక బైజాంటైన్ చరిత్ర గ్రంథం పాత రష్యన్ సాహిత్యంలోకి ఎట్లా వచ్చి చేరిందన్నది ఆయన పరిశోధన. 1990లో పుష్కిన్ హౌస్ అని పిలిచే రష్యన్ సాహిత్య సంస్థలో, ప్రాచీన సాహిత్య శాఖలో చేరాడు. ఆయనను అక్కడికి తీసుకున్నది ద్మిత్రి లిహచోవ్. లిహచోవ్ అంటే మామూలు మనిషి కాదు. ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, 1928లో అరెస్టయి సొలొవ్కీ దీవుల ఖైదు శిబిరంలో ఏళ్లు గడిపి, బయటపడ్డాక జీవితమంతా పాత రాతప్రతులకు ఇచ్చినవాడు. అటువంటి గురువు దగ్గర చేరినవాడికి పాత పుస్తకం అంటే దుమ్ము దులిపి బీరువాలో పెట్టే వస్తువు కాదని వేరే చెప్పనక్కరలేదు.

2012లో వోదోలాజ్కిన్ ‘లావ్ర్’ రాశాడు. ఇంగ్లిష్‌లో ‘లారస్’ పేరుతో 2015లో వచ్చింది. పదిహేనో శతాబ్దం కథ. అర్సేనీ అనే అనాథ పిల్లవాడు మూలికల వైద్యుడైన తాత దగ్గర పెరుగుతాడు. తాత తనకు తెలిసిందంతా భూర్జపత్రాల మీద రాసుకుంటాడు. పెద్దయ్యాక అర్సేనీ తన దగ్గరికి చేరిన ఉస్తీనా అనే అమ్మాయిని లోకం కంట పడకుండా దాచుకుంటాడు. పురుడు కష్టమైనప్పుడు మంత్రసానిని పిలవడు. తల్లీ బిడ్డా పోతారు. ఇక మిగిలిన జీవితమంతా ఆమె బదులు తాను బతుకుతాడు. పేరు మార్చుకుంటాడు, పిచ్చివాడిలా తిరుగుతాడు, జెరూసలేం యాత్ర పోతాడు, చివరికి సన్యాసి అవుతాడు. ఈ కథలో ఏ మూలిక ఏ జబ్బుకో పాత వైద్య గ్రంథాల పద్ధతిలోనే వస్తుంది. మనుషులు మాట్లాడుతూ మాట్లాడుతూ పాత చర్చి భాషలోకి జారి, మళ్లీ ఇవాళ్టి వీధి భాషకు వస్తారు. ఒకచోట మంచు కరిగితే అడవిలో ప్లాస్టిక్ సీసాలు బయటపడతాయి. పదిహేనో శతాబ్దంలో ప్లాస్టిక్ సీసాలు! పాత కథకులకు కాలం ఒక వరసలో నడవాలన్న పట్టింపు లేదని ఏళ్ల తరబడి చదివి తెలుసుకున్నవాడు కాబట్టే అంత ధైర్యం చేశాడు. తెలియనివాడు రాస్తే తప్పు అనేవాళ్లం. తెలిసినవాడు రాశాడు కనుక అది కథ చెప్పే తీరు అయింది.

ఆ పాత రష్యన్ సాహిత్యం మనకు అంత దూరందేమీ కాదు. దాన్ని చదివేవాళ్లు చదవక తప్పని పుస్తకాల్లో ‘మూడు సముద్రాల ఆవలి యాత్ర’ ఒకటి. త్వేర్ నగర వర్తకుడు అఫనాసీ నికితిన్ రాసుకున్న యాత్రావృత్తాంతం. ఆయన 1470 ప్రాంతాల్లో బహమనీల బీదర్‌కు వచ్చాడు. వెంట తెచ్చుకున్న గుర్రాన్ని దారిలో ఒక ఖాను లాక్కుని, మతం మారితేనే ఇస్తానంటే ఎట్లాగో విడిపించుకుని, చివరికి బీదర్‌లో అమ్ముకున్నాడు. శివరాత్రికి జనంతో కలిసి ‘పర్వత్’ అనే క్షేత్రానికి పోయాడు. అది మన శ్రీశైలమేనని పండితులు తేల్చారు. అక్కడి పెద్ద రాతి విగ్రహాన్ని చూసి కాన్‌స్టాంటినోపుల్‌లోని జస్టీనియన్ చక్రవర్తి విగ్రహంతో పోల్చుకున్నాడు. నల్లరాతి నందిని చూశాడు. మన పోతన కాలంలో ఒక రష్యన్ శ్రీశైలం జాతరలో నిలబడ్డాడన్నమాట. ఆయన మీద 1957లో భారత్, సోవియట్ యూనియన్ కలిసి ‘పర్‌దేశీ’ సినిమా తీశాయి. ఆ బీదర్ సంత, ఆ శివరాత్రి గుంపు తెలుగు నవలలో ఎట్లా ఉంటాయో మనం ఊహించుకోవాల్సిందే.

పాత సాహిత్యం చదివి నవల రాయడం రష్యాకే చెల్లిందా అంటే, లేదు. ఇటలీలో ఉంబెర్తో ఎకో మధ్యయుగపు సౌందర్యశాస్త్రం మీద పరిశోధన చేసినవాడు, 1980లో మఠంలో జరిగే హత్యల కథతో ‘ది నేమ్ ఆఫ్ ది రోజ్’ రాశాడు. హిందీలో ఆచార్య హజారీప్రసాద్ ద్వివేది కబీరు మీద పెద్ద గ్రంథం రాసిన చేత్తోనే 1946లో ‘బాణభట్ట్ కీ ఆత్మకథ’ రాశారు. అది ఎక్కడో దొరికిన పాత రాతప్రతి అని నమ్మించేటట్లు రాశారు. సంస్కృత గద్యం ఎట్లా ఊపిరి తీసుకుంటుందో తెలిసినవాడు తప్ప ఆ నాటకం ఆడలేడు.

మన తెలుగులో ఈ తోవకు పెద్ద ఉదాహరణ విశ్వనాథ సత్యనారాయణ గారే. మా ఉత్తర తెలంగాణకు ఆయన పరాయి కాదు. 1959 నుంచి 1961 వరకు కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఇవాళ ఎస్.ఆర్.ఆర్. కళాశాలగా మనకు తెలిసినది అదే. ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ పేరుతో హిందీ చేసినది మన పి.వి. నరసింహారావు గారు. వంగర మనిషి, మంథని ఎమ్మెల్యే.

విశ్వనాథను జ్ఞానపీఠం వచ్చిన కవిగా, ‘రామాయణ కల్పవృక్షం’ కర్తగా తలచుకుంటాం. ఆయన పాత కావ్యాలను ఎట్లా చదివారన్నది తక్కువగా తలచుకుంటాం. ‘నన్నయగారి ప్రసన్న కథాకలితార్థయుక్తి’, ‘ఒకడు నాచన సోమన’, ‘అల్లసానివారి అల్లిక జిగిబిగి’ అనే విమర్శ గ్రంథాలు ఆయనవి. మొదటి పుస్తకం తిరగేయండి. నన్నయను పద్యాల కవిగా కాకుండా కథ చెప్పే నేర్పరిగా చదువుతారు. ఎక్కడ ఒక మాట వేసిపెట్టాడు, అది ఎన్ని ఘట్టాల తర్వాత పలికింది, ఎవరి మనసులో ఏముందో చెప్పకుండా ఎట్లా చెప్పాడు, ఇవీ ఆయన చూసినవి. ఇవన్నీ నవలాకారుడు వేసుకోవాల్సిన ప్రశ్నలు. అందుకే ఆయన నవలలు పండితుడు తీరిక దొరికి రాసినట్లుండవు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ బహుమతిని పంచుకున్నాయి. సుబ్బన్నపేట అనే ఒక ఊరిని పట్టుకుని, గుడి, కోట, చెరువు, వైద్యం, నాట్యం, భూమి ఒక్కొక్కటీ ఎట్లా ఒరిగిపోయాయో చెప్పిన నవల అది. ఆయన అభిప్రాయాలతో నాకు సగం చోట్ల పేచీ ఉంది. అయినా ఆ ఊరు నాకు నా ఊరంత తెలుసు.

అదే విశ్వనాథ దగ్గర జాగ్రత్త కూడా నేర్చుకోవాలి. ‘పురాణవైర గ్రంథమాల’ పేరుతో పన్నెండు నవలలు రాశారు. పాశ్చాత్యులు మన చరిత్ర కాలాలను తప్పుగా కట్టారని, కోట వెంకటాచలం గారి లెక్కలు సరైనవని చెప్పడం వాటి పని. చాలాచోట్ల పాత్రలు నోరు తెరిస్తే రచయిత వాదం వినిపిస్తుంది. నవల కోర్టు మెట్లెక్కి వాదన మొదలుపెట్టిన చోట పాఠకుడు జారుకుంటాడు. చదువు ఎక్కువైతే వచ్చే చిక్కు ఇది. తనకు తెలిసిందంతా చెప్పాలన్న ఆరాటం, తాను నమ్మింది రుజువు చెయ్యాలన్న పంతం.

దీనికి మందు మా ఊళ్లోనే ఉంది. నిర్మల్ కళానగర్‌లో నకాషీ పనివాళ్లు బొమ్మ చేసేది చూడండి. పొణికి చెక్క తేలిక, మెత్తన. చేతులు, కాళ్లు, తల వేర్వేరుగా చెక్కుతారు. చింతగింజలు నానబెట్టి రుబ్బి, రంపపు పొట్టు కలిపిన లప్పంతో వాటిని అతికి, అతుకుల మీద అదే లప్పం పూసి నున్నగా రుద్దుతారు. తెల్లమట్టి పూత, దాని మీద రంగులు. బొమ్మ చేతికి వచ్చాక అతుకెక్కడో కనబడదు. లప్పం లేనిది బొమ్మ నిలవదు, లప్పం కనబడితే బొమ్మ చెడినట్టు. నవలలో పాండిత్యం పనీ అంతే.

ఆ పని చేసి చూపినవాళ్లు తెలంగాణలో ఉన్నారు. పాకాల యశోదారెడ్డి గారు ఉస్మానియాలో తెలుగు ఆచార్యులు. ఆమె పరిశోధన తెలుగులోని హరివంశాల మీద. ఎర్రన, నాచన సోమనలను పద్యం పద్యం పట్టి చదివినావిడ. ఆవిడే 1973లో ‘మా ఊరి ముచ్చట్లు’ కథలు పాలమూరు పలుకుబడిలో రాశారు. ఆ కథల్లో ఎక్కడా పండితురాలు అడ్డం రారు. బిజినేపల్లి వాకిట్లో ఆడవాళ్లు కూర్చుని చెప్పుకుంటున్నట్టే ఉంటాయి. కానీ వాక్యం ఎక్కడ ఆగాలి, సామెత ఎక్కడ పడాలి, వినేవాణ్ని ఎంతసేపు ఊరించాలి, ఇదంతా ఆమెకు కావ్యాలు నేర్పిన చదువు కూడా. ముదిగంటి సుజాతారెడ్డి గారు సంస్కృతాంధ్రాలు చదివి, పాఠాలు చెప్పి, ‘సంకెళ్లు తెగాయి’, ‘మలుపు తిరిగిన రథచక్రాలు’ నవలలు రాశారు. తెలంగాణ బయట, రేపల్లెలో వకీలుగా పనిచేసిన నోరి నరసింహశాస్త్రి గారు ‘నారాయణభట్టు’తో నన్నయ కాలాన్ని, ‘కవిసార్వభౌముడు’తో శ్రీనాథుణ్ని నవలల్లోకి తెచ్చారు. దాశరథి రంగాచార్య గారు ఎదురు దారిన నడిచారు. ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’ రాసిన మనిషి తర్వాత నాలుగు వేదాలను తెలుగులోకి తెచ్చారు. ఈ దారిలో రాకపోకలు ఎప్పుడూ ఉన్నాయి. మూసింది మన తరగతి గది.

మా డిగ్రీ సిలబస్‌లో ప్రాచీనం ఒక పేపరు, ఆధునికం ఇంకో పేపరు. ప్రాచీనం చెప్పే సారు నవలలు చదవడు, ఆధునికం చెప్పే సారు పద్యం చదవడు. పిల్లలు పరీక్ష దాకా రెండూ చదివి, పరీక్ష కాగానే రెండూ వదిలేస్తారు. నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె తర్వాత కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’ మీద పరిశోధనకు దిగింది. ఆ కావ్యం కథల గంప. సంతలు, జూదాలు, దొంగలు, వేషాలు, తిండి, నగలు, ఊరి న్యాయాలు అన్నీ ఉన్నాయి. కార్డుల మీద ఎంత చక్కగా రాసుకుందో చూస్తే ముచ్చటేసింది. “అమ్మా, ఇందులోంచి ఒక కథ రాయరాదూ” అన్నాను. “గైడుగారు నవ్వుతారు సార్. థీసిస్ పక్కన పెట్టి కథలేంటి అంటారు” అంది. ఆ గైడుగారు ఎవరో నేను అడగలేదు. అడగాల్సిన పనీ లేదు, అందరూ అదే అంటారు. ఉద్యోగంలో ఉండగా నేను నింపిన ఫారాల్లో సెమినార్లకు గడి ఉంది, పత్రాలకు గడి ఉంది. నవలకు గడి నాకు కనబడలేదు.

‘పండితులు రాస్తే భాష బరువెక్కుతుంది, ఎవరు చదువుతారు?’ అనేవాళ్లున్నారు. యశోదారెడ్డి గారి కథ ఒక్కటి చదివి ఆ మాట మళ్లీ అనండి. ‘చరిత్ర నవలలంటే రాజులు, కత్తులు, కోటలేగా’ అనేవాళ్లకు సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ చూపిస్తాను. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చిన పుస్తకం. కావ్యాల్లోంచి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలాడారు అన్నది ఏరి పెట్టారు. నవల రాయాలనుకునేవాడికి అంతకన్నా పనికొచ్చే పుస్తకం తెలుగులో నాకు కనబడలేదు. ఇక ‘ఆధునికులకు పాతకాలం ఎందుకు’ అనేవాళ్లకు జవాబు మా పాత ఆదిలాబాద్ జిల్లాలోనే ఉంది. సాహు, అల్లం రాజయ్య కలిసి ‘కొమురం భీమ్’ నవల రాశారు. ఆ తపన పాత కావ్యాలు చదివినవాడికి కూడా ఉంటే ఎంత బాగుండును.

మా దిక్కున సరుకు లేదా అంటే, ఉన్నంత ఎక్కడా లేదు. కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద జైన తీర్థంకరుల విగ్రహాలు, వాటి కింద శాసనం. వేయించినవాడు జినవల్లభుడు. పదో శతాబ్దం. ఒకే రాతి మీద సంస్కృతం, కన్నడం, తెలుగు. తెలుగులో మూడు కందపద్యాలు. నన్నయకు దాదాపు నూరేళ్ల ముందు! ఆ జినవల్లభుడి అన్న పంపడు, వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువులో కన్నడంలో ‘విక్రమార్జున విజయం’ రాసిన ఆదికవి. వాళ్లది వేంగి దేశం నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి వైదికం వదిలి జైనం తీసుకున్నాడు. ఒక ఇల్లు, ఇద్దరు అన్నదమ్ములు, మూడు భాషలు, రెండు మతాలు, ఒక చిన్న రాజ్యం. అన్న కన్నడానికి ఆదికవి అయ్యాడు, తమ్ముడు తెలుగు పద్యాన్ని రాతికెక్కించాడు. వాళ్లింట్లో అన్నం తింటూ ఏ భాషలో మాట్లాడుకున్నారు? తండ్రి మతం మారిన రోజున తల్లి ఏమంది? శాసనం ఇవి చెప్పదు, చెప్పాల్సిన పని నవలది. ఆ గంగాధర చుట్టుపక్కల ఇవాళ గ్రానైటు కోసం గుట్టలకు గుట్టలు కోసుకుపోతున్నారు.

రామగిరి దుర్గం నీడన మడికి సింగన ఉన్నాడు. కందన మంత్రి అండతో ‘పద్మపురాణం’ రాశాడు, రాజనీతి పద్యాలన్నీ ఏరి ‘సకలనీతిసమ్మతం’ కూర్చాడు. ధర్మపురిలో గోదావరి ఒడ్డున నరసింహ శతకం చెప్పిన శేషప్ప ఉన్నాడు. ఆయన పద్యాలు వచ్చినవాళ్లు ఊరూరా ఉన్నారు, ఆయన బతుకు కథగా చెప్పినవాళ్లు అరుదు. ఆదిలాబాద్ గుంజాలలో గోండి లిపి రాతప్రతులు దొరికాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. ఇక మా నిర్మల్‌లో 1860లో రాంజీ గోండును, ఆయన వెంట నిలిచిన గోండులను, రోహిల్లాలను ఉరి తీసిన మర్రిని జనం వెయ్యి ఉరుల మర్రి అనే తలుచుకుంటారు. ఆ చెట్టు లేదు, తలపు ఉంది. గోండి, ఉర్దూ, మరాఠీ, తెలుగు కలిసి పారే ఈ నేల గొంతు ఎట్లా ఉంటుందో సామల సదాశివ గారి ‘యాది’ చదివితే తెలుస్తుంది. ఆ గొంతు పట్టుకున్న నవలాకారుడు 1860 నాటి నిర్మల్ బజారును నిలబెట్టగలడు.

కనుక అడుగుతున్నాను. తెలుగు శాఖల పెద్దలారా, పరిశోధన చేస్తున్న పిల్లలు కథ రాస్తే నవ్వకండి. వాళ్లు చదివిన కావ్యంలోంచి ఒక కథ రాయమని మీరే చెప్పండి, వైవాలో దాన్ని కూడా అడగండి. పత్రికల సంపాదకులారా, ఆదివారం అనుబంధాల్లో ఒకప్పుడు సీరియళ్లు ఉండేవి. ఏడాదికి ఒక్కటైనా ఇటువంటి నవలకు చోటివ్వండి. నాలాగా రిటైరై ఇంట్లో కూర్చున్న తెలుగు సార్లూ, మేడంలూ, మీ బీరువాల్లో నోట్సులున్నాయి. ఇంకో విమర్శ వ్యాసం రాసినా చదివేది మనలో మనమే. ఆ నోట్సులోంచి ఒక మనిషిని లేపి నడిపించండి. తప్పులు పట్టేవాళ్లు ఎట్లాగూ పడతారు. వోదోలాజ్కిన్ పుష్కిన్ హౌస్ వదిలి నవలాకారుడు కాలేదు, అక్కడ చదివిందే నవలగా రాశాడు. కురిక్యాల శాసనం మీద వ్యాసాలు చాలానే వచ్చాయి. ఇప్పుడు జినవల్లభుడి ఇంటి కథ కావాలి. దాన్ని రాయగల చదువు మన దగ్గర ఉంది. రాయండి.